మాత్రలకు లొంగని మంట

2025 డిసెంబరు 28న ప్రధాని మోదీ గారు తన నెలవారీ రేడియో ప్రసంగం 'మన్ కీ బాత్'లో యాంటీబయాటిక్ మందుల ప్రస్తావన తెచ్చారు. న్యుమోనియా, మూత్రనాళ ఇన్ఫెక్షన్ లాంటి జబ్బుల మీద ఈ మందుల పట్టు సడలుతోందని ఐసీఎంఆర్ నివేదిక చెబుతోందనీ, డాక్టరు చెప్పకుండా వాడవద్దనీ ఆయన మాటల సారాంశం. ఆ వారం మా ఇంటికి భోజనానికి వచ్చిన నాలుగు కుటుంబాల వాళ్ళూ వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్లు వాయిదా పడటం గురించే మాట్లాడుకున్నారు. ఈ వార్త ఎవరి నోటా రాలేదు. నేను కదిపితే "సెలవుల్లో ఈ యూటీఐ గోల ఏమిటండీ" అని నవ్వేశారు. నిజమే, పప్పన్నం తింటూ మాట్లాడుకునే విషయం కాదు. కానీ మన ఇళ్ళల్లో ఇది ఎప్పుడూ, ఎక్కడా మాట్లాడుకునే విషయం కాకుండా పోవడమే నన్ను ఇది రాయించింది.

ఇరవై ఏళ్ళుగా నేను న్యూజెర్సీలో ఒక ఆస్పత్రి ఫార్మసీలో పనిచేస్తున్నాను. పొద్దున డ్యూటీలోకి రాగానే నా మొదటి పని, ల్యాబ్ నుంచి వచ్చిన కల్చర్ రిపోర్టులు చూసి, డాక్టరు రాసిన మందు ఆ రోగి ఒంట్లో ఉన్న క్రిమి మీద పనిచేస్తుందో లేదో సరిచూడటం. ఆ రిపోర్టు మన చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులా ఉంటుంది. ఎడమవైపు మందుల పేర్లు, కుడివైపు ఒక్కో అక్షరం. ఎస్ అంటే క్రిమి ఆ మందుకి లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మూత్రం కల్చర్లలో ఆర్‌లు అక్కడక్కడా కనిపించేవి. ఇప్పుడు వరసగా ఆర్‌లే ఉన్న కార్డు వచ్చినా మా వాళ్ళెవరూ ఉలిక్కిపడరు. పేషెంటు పేరు మనవైపు పేరైతే మాత్రం నేను ఒక్క క్షణం ఆగుతాను.

2023 మే నెలలో నేనలా ఆగిన పేరు మా అత్తయ్యగారిది.

ఆవిడకి అప్పుడు డెబ్బై ఒక్కేళ్ళు. తెనాలి నుంచి వచ్చి నాలుగు రోజులే అయింది. చలిజ్వరం, నడుముకి ఒక పక్క పోటు, సాయంత్రానికి మాట తడబాటు. ప్రయాణం బడలిక అనుకున్నాం. ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాక, మావారిని బయట కూర్చోబెట్టి నేనొక్కదాన్నే అడిగితే అప్పుడు చెప్పారు.

"బయల్దేరే ముందు నుంచీ మంటగానే ఉందిలేమ్మా. వేడి చేసుంటుందని సబ్జా నీళ్ళు తాగా. తగ్గకపోతే మందుల షాపు అబ్బాయి బిళ్ళలిచ్చాడు. మూడు రోజులు వేసుకున్నా, తగ్గింది. విమానంలో మాటిమాటికీ లేవాల్సొస్తుందని నీళ్ళు ముట్టలేదు."

"మీ అబ్బాయికన్నా చెప్పకపోయారా అత్తయ్యగారూ?"

"మగపిల్లాడికి అట్టాంటివి ఎట్టా చెబుతానమ్మా!"

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఆవిడ వచ్చిన రోజే సూట్‌కేసులో ఆవకాయ డబ్బా కోసం వెతుకుతుంటే ఒక ప్లాస్టిక్ కవరు కనబడింది. అందులో సెఫిక్సిమ్, ఓఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ స్ట్రిప్పులు. వాటి మీద నిలువుగా ఎర్ర గీత. డాక్టరు చీటీ లేకుండా వేసుకోకూడని మందులని గుర్తు పట్టడానికే ఆ గీత. 2016లో భారత ప్రభుత్వం దాని గురించి పెద్ద ప్రచారమే చేసింది. అయినా ఆ గీత ఎందుకో మన ఇళ్ళల్లో ఎంతమందికి తెలుసు? నాకు తెలుసు. తెలిసీ కవరు మూసి పెట్టేశాను. వచ్చిన రోజే కోడలు సంచి సోదా చేసిందని అనిపించుకోవడం ఇష్టంలేక కొంత. అజిత్రోమైసిన్ మావారు అడిగి తెప్పించుకున్నవి కావడం వల్ల మరికొంత. ఇక్కడ డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికేసరికి జలుబు దానంతటదే తగ్గిపోతుంది కదా, ఇంట్లో నాలుగు బిళ్ళలుంటే మంచిదని మనందరి లెక్క. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానికి ఆ బిళ్ళ పనిచేయదు అని ఫార్మసిస్టు భార్య ఎన్నిసార్లు చెప్పినా సరే!

రెండో రోజుకి రిపోర్టు వచ్చింది. క్రిమి పేరు ఈ.కోలి. సెఫలోస్పోరిన్లన్నిటికీ ఆర్. సిప్రోకి ఆర్. బాక్ట్రిమ్‌కి ఆర్. కింద ల్యాబ్ వాళ్ళ గమనిక: ఈఎస్‌బీఎల్. అంటే పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందుల్ని ముక్కలు చేసే ఎంజైమును ఈ క్రిమి తయారు చేసుకుంటోంది. నైట్రోఫురాంటోయిన్ అనే పాత మాత్రకి ఎస్ ఉంది గానీ, అది మూత్రాశయంలో పనిచేసినట్టు కిడ్నీలో పనిచేయదు. ఇన్ఫెక్షన్ అప్పటికే కిడ్నీకి ఎక్కింది. ఇక మిగిలింది కార్బపెనెం జాతి ఇంజెక్షన్. నాలుగు రోజులు ఆస్పత్రిలో, మిగతా రోజులు ఇంట్లో చేతికి సన్నని గొట్టంతో, మొత్తం పది రోజులు ఎర్టాపెనెం ఎక్కించారు. విజిటర్స్ ఇన్సూరెన్స్‌తో మేం పడ్డ పాట్లు ఇంకో వ్యాసానికి సరిపోతాయి, ఇక్కడ వద్దు.

కోర్సు పూర్తిచేయకపోవడం వల్లే ఇదంతా అని మావారు అమ్మ మీద విసుక్కున్నారు. నేను ఒప్పుకోలేదు. ఆవిడ ఐదు రోజులు మింగినా, పది రోజులు మింగినా సెఫిక్సిమ్ ఆ క్రిమిని చంపేది కాదు. అసలు లోపం ఏమిటంటే, ఆ మందు ఆ క్రిమి మీద పనిచేస్తుందా అని ఎవరూ చూడలేదు. ఒక చిన్న డబ్బాలో మూత్రం పట్టి ల్యాబుకి పంపితే తేలే విషయం అది.

ఈ క్రిమి ఎక్కడి నుంచి వచ్చింది అని అందరూ అడుగుతారు. బాత్రూం శుభ్రంగా లేకనా, నీళ్ళ వల్లనా అని. మూత్రనాళ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం మన పేగుల్లో కాపురముండే ఈ.కోలి వల్లే వస్తాయి. ఆడవాళ్ళకి మూత్రనాళం పొట్టిది కాబట్టి అది పైకి ఎక్కడం తేలిక. పేగుల్లో ఉన్నంతకాలం దానివల్ల ఏ బాధా ఉండదు. మందుకి లొంగని రకం చేరినా అంతే, మనకి తెలియదు. మనం ఏ దగ్గుకో యాంటీబయాటిక్ మింగినప్పుడు పక్కనున్న లొంగే రకాలు చచ్చి, దీనికి చోటు దొరుకుతుంది. పైగా ఈ లొంగని గుణం క్రిమి పిల్లలకి మాత్రమే సంక్రమించేది కాదు. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట రూపంలో పక్క క్రిమికి కూడా అందుతుంది. పొరుగింటావిడకి తోడు పెట్టుకోవడానికి చెంచాడు పెరుగు ఇచ్చినట్టే: ఇచ్చినవాళ్ళ గిన్నె తరగదు, పుచ్చుకున్నవాళ్ళ గిన్నె తెల్లారేసరికి నిండుతుంది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం, అంటే ప్రతి రెండేళ్ళకీ ఇండియా వెళ్ళొచ్చే మన సంగతికి. నెదర్లాండ్స్‌లో దాదాపు రెండు వేల మంది ప్రయాణికుల్ని విమానం ఎక్కకముందు, దిగిన తర్వాత పరీక్షించిన పెద్ద అధ్యయనం ఒకటి 2017లో లాన్సెట్ అనుబంధ పత్రికలో వచ్చింది. వెళ్ళేటప్పుడు ఈఎస్‌బీఎల్ క్రిములు లేనివాళ్ళలో 34 శాతం మంది వాటితో తిరిగొచ్చారు. దక్షిణాసియాకి వెళ్ళినవాళ్ళనే తీసుకుంటే 75 శాతం! ప్రయాణంలో విరేచనాలు పట్టుకున్నవాళ్ళకీ, యాంటీబయాటిక్ వాడినవాళ్ళకీ ఆ అవకాశం ఇంకా ఎక్కువ. చాలామందిలో ఒకటి రెండు నెలల్లో అవి పోయాయి. పదకొండు శాతం మందిలో ఏడాది తర్వాత కూడా ఉన్నాయి. ఇంట్లో మిగతావాళ్ళకి అంటిన సందర్భాలూ ఉన్నాయి. కంగారు పడనక్కర్లేదు, పేగుల్లో ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. కానీ ఇండియా నుంచి వచ్చిన ఏడాదిలోపు మూత్రంలో మంట వస్తే ఇక్కడి డాక్టరుకి ఆ ప్రయాణం సంగతి చెప్పడం ఎంత అవసరమో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. చెప్పకపోతే ఆయన మామూలుగా రాసే మాత్ర రాస్తాడు. అడిగితే తప్ప కల్చర్ చేయించకపోనూవచ్చు.

ఇలాంటి మాట 2010లో ఎవరైనా అని ఉంటే నేనే దెబ్బలాడేదాన్ని. దెబ్బలాడాను కూడా. ఆ కథ కూడా మూత్రంలోనే మొదలైంది. స్వీడన్‌లో స్థిరపడిన భారత సంతతి వ్యక్తి ఒకరు ఇండియా వెళ్ళి, అక్కడ ఆస్పత్రిలో చికిత్స పొంది, 2008 జనవరిలో తిరిగొచ్చాక ఆయన మూత్రంలో కార్బపెనెంలకి కూడా లొంగని క్లెబ్సియెల్లా దొరికింది. అంటే మా అత్తయ్యగారిని కాపాడిన మందు కూడా దాని మీద పనిచేయదు. అదే జీను ఆయన పేగుల్లోని ఈ.కోలిలో కూడా కనిపించింది. తోడు అప్పటికే పక్క గిన్నెలో పడిందన్నమాట. ఆ ఎంజైముకి శాస్త్రవేత్తలు న్యూఢిల్లీ పేరు పెట్టారు: ఎన్‌డీఎం-1. 2010 ఆగస్టులో ఇండియా, పాకిస్తాన్, బ్రిటన్ దేశాల కేసులతో లాన్సెట్ వారి పత్రికలో వ్యాసం రాగానే మన దేశంలో గగ్గోలు లేచింది. మన చౌక వైద్యం మీద, మెడికల్ టూరిజం మీద కుట్ర అన్నారు. ఆ ఏడాది ఆగస్టు 15 పిక్నిక్‌లో ఒక నిరసన లేఖ మీద సంతకాలు సేకరిస్తే, పులిహోర ప్లేటు పక్కన పెట్టి మరీ సంతకం చేశాను. ఫార్మసీ డిగ్రీ ఉన్నదాన్ని, ఆ వ్యాసం చదవకుండానే.

ఊరి పేరు పెట్టడం పొరపాటని లాన్సెట్ సంపాదకుడు రిచర్డ్ హార్టన్ 2011 జనవరిలో ఒప్పుకున్నారు. ఆ విషయంలో మన అభ్యంతరం న్యాయమే. కానీ అదే 2011లో ఢిల్లీలో 50 కుళాయి నీళ్ళ నమూనాలు పరీక్షిస్తే రెండింటిలో, వీధుల్లో నిలిచిన 171 మురుగునీటి నమూనాల్లో 51లో ఆ జీను బయటపడింది. పేరు మీద మనం చేసిన హడావిడిలో పదో వంతు ఈ నీళ్ళ మీద చేయలేదు. 2016లో నెవాడా రాష్ట్రంలో డెబ్బైల్లో ఉన్న ఒకావిడ చనిపోయారు. ఇండియాలో తొడ ఎముక విరిగి, రెండేళ్ళలో పలుమార్లు ఆస్పత్రిలో చేరి, తిరిగొచ్చిన మనిషి. అమెరికాలో దొరికే 26 యాంటీబయాటిక్‌లూ ఆవిడ ఒంట్లోని క్లెబ్సియెల్లా మీద పనిచేయలేదు. అదీ ఎన్‌డీఎం రకమే. ఫాస్ఫోమైసిన్ అనే మందు పనిచేసే సూచన కనబడింది గానీ, ఆ మందుకి ఈ దేశంలో అప్పట్లో అనుమతి ఉన్నది మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కి నోటిద్వారా తాగే రూపంలోనే. నరంలోకి ఎక్కించే రూపం అప్పటికి వేరే దేశాల్లో ఉండేది, ఇక్కడ ఉండేది కాదు.

మన దేశపు లెక్కలు మన సంస్థే చెబుతోంది కాబట్టి ఇందులో కుట్ర వెతకనక్కర్లేదు. ఐసీఎంఆర్ పెద్దాస్పత్రుల నుంచి ఏటా సేకరించే సమాచారం ప్రకారం ఇమిపెనెం అనే కార్బపెనెంకి లొంగే ఈ.కోలి 2017లో 81 శాతం ఉంటే 2023కి 63 శాతానికి దిగింది. ఇవి ఆస్పత్రులకి చేరిన కేసులు, వీధిలో ప్రతి మంటకీ ఈ లెక్క వర్తించదు. అయినా దిగుతున్న తీరు చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 అక్టోబరు నివేదిక ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద ల్యాబులో తేలిన ప్రతి ఆరు బాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ఒకటి మందుకి లొంగనిది. ఇండియా ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతంలో ప్రతి మూడింటిలో ఒకటి.

చట్టం లేక కాదు. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లో ఉంది. సెఫిక్సిమ్ లాంటి మందు అమ్మితే షాపువాడు డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. మా అత్తయ్యగారి పేరు ఏ రిజిస్టర్లోనూ లేదని నేను పందెం కాస్తాను. అయితే షాపు అబ్బాయిని ఒక్కణ్ణే తిట్టడం కూడా అన్యాయమే. ఆడవాళ్ళు సిగ్గుపడకుండా చెప్పుకోగల డాక్టరు దగ్గర్లో లేనప్పుడు, ఉన్నా అరపూట కూర్చోవాల్సి వచ్చినప్పుడు, అతనే డాక్టరు.

దీనికి తోడు హైదరాబాదు ప్యాకేజీలు. మనం అమ్మానాన్నలకి ఇక్కడి నుంచే డబ్బు కట్టి మాస్టర్ హెల్త్ చెకప్ చేయిస్తాం కదా, అందులో మూత్ర పరీక్షలో చీము కణాలు ఉన్నాయని తేలుతుంది, వెంటనే ఐదు రోజుల మందు. మంట లేదు, జ్వరం లేదు. పెద్దవయసు ఆడవాళ్ళలో ఏ బాధా లేకుండానే మూత్రంలో క్రిములు కనబడటం మామూలు. గర్భిణులకీ, మూత్రమార్గంలో ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్ళకీ తప్ప మందు అక్కర్లేదని వైద్య మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతాయి. మనం ప్రేమతో కట్టిన డబ్బే మనవాళ్ళ పేగుల్లో లొంగని క్రిములకి చోటు చేస్తోంది.

హైదరాబాదు మాట వచ్చింది కాబట్టి పటాన్‌చెరు సంగతి చెప్పకుండా ఉండలేను. ప్రపంచానికి మందులు చేసి పంపే ఊరు అది, మనకి గర్వకారణమే. అక్కడ దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాల్ని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్ళని స్వీడన్‌కి చెందిన జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ప్రచురించింది. లీటరుకి 31 మిల్లీగ్రాముల వరకూ సిప్రోఫ్లాక్సాసిన్. మాత్ర మింగిన మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎక్కువ, శుద్ధి చేసిన నీళ్ళలో! రోజుకి 45 కిలోల మందు అలా పోతోందని, స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేంత అని వాళ్ళ అంచనా. అది ఆనాటి లెక్క, ఇప్పుడూ అంతేనని అనను. అయితే 2020 జనవరిలో కేంద్రం వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకి పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది, 2021లో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి. అవి ఎలా పోయాయో అడిగినవాళ్ళు మన సభల్లో నాకు కనబడలేదు. మన వేదికల మీద సన్మానాలు అందుకునేవాళ్ళలో ఆ పరిశ్రమ పెద్దలూ ఉంటారు. శాలువా కప్పేటప్పుడు ఈ ప్రశ్న కూడా మర్యాదగా అడగవచ్చు కదా అని నా ఉద్దేశం.

అమెరికా ఏమీ తక్కువ తినలేదు. దక్షిణ కాలిఫోర్నియాలో మూత్రనాళ ఇన్ఫెక్షన్లను, అక్కడి దుకాణాల్లో అమ్మే మాంసంలోని ఈ.కోలిని జన్యువుల స్థాయిలో పోల్చి చూసి 2025లో ప్రచురించిన పరిశోధనలో దాదాపు 18 శాతం కేసులు మాంసం నుంచి వచ్చిన రకాలవల్లేనని తేలింది. ఇక ఎన్‌డీఎం క్రిముల ఇన్ఫెక్షన్లు ఈ దేశంలో 2019 నుంచి 2023 మధ్య 460 శాతం పైగా పెరిగాయని సీడీసీ 2025 సెప్టెంబరులో ప్రకటించింది. వాటిని ఇప్పుడు ఎవరో ప్రయాణికుడు తెచ్చాడని సరిపెట్టుకునే వీల్లేదు, ఇక్కడి ఆస్పత్రుల్లోనే ఒకరి నుంచి ఒకరికి పాకుతున్నాయి.

కొత్త మందులు అసలు రావడం లేదని కూడా అనలేం. 2025 మార్చిలో ఎఫ్‌డీఏ జెపోటిడాసిన్‌ని అనుమతించింది, ఆడవాళ్ళ మూత్రాశయ ఇన్ఫెక్షన్లకి దాదాపు మూడు దశాబ్దాల్లో వచ్చిన మొదటి కొత్త జాతి మాత్ర. అంతకు ఏడాది ముందు అనుమతించిన పివ్‌మెసిల్లినాం స్కాండినేవియా దేశాల్లో నలభై ఏళ్ళుగా వాడుతున్నదే. 2024 ఫిబ్రవరిలో జటిలమైన మూత్రనాళ ఇన్ఫెక్షన్లకి అనుమతి పొందిన ఇంజెక్షన్లో ఎన్‌మెటాజోబాక్టం అనే భాగాన్ని కనిపెట్టింది చెన్నై కంపెనీ. ఈ వార్త చదివినప్పుడు నాకు మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చారు. ఆయన పరిశోధనకి నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థ ఉన్న పెర్ల్ రివర్ మా ఇంటికి కారులో గంట దూరం. టెట్రాసైక్లిన్ జాతికి మొదటిదైన ఆరియోమైసిన్ అక్కడే 1940ల్లో వచ్చింది. అయితే కొత్త మందుల ఖరీదు తెనాలి వీధిలో ఎవరు భరిస్తారు? ఖరీదు తగ్గి చౌకగా దొరికిన రోజున వాటినీ షాపు అబ్బాయి చీటీ లేకుండా ఇచ్చేస్తే, ఇంకో పదేళ్ళకి వాటి ఎదురుగా కూడా ఆర్ పడుతుంది.

మా అత్తయ్యగారు ఆ ఏడాది అక్టోబరులో తిరిగి వెళ్ళారు. ఆ ప్లాస్టిక్ కవరు మాత్రం నేను పంపలేదు. ఆస్పత్రి రిపోర్టు కాపీ ఒకటి లామినేషన్ చేయించి పాస్‌పోర్టుతో పాటు పెట్టాను. పోయినసారి ఏ క్రిమి, ఏ మందుకి లొంగింది అన్నది తర్వాతి డాక్టరుకి అన్నిటికన్నా పనికొచ్చే కాగితం. మావారి అజిత్రోమైసిన్ బిళ్ళలు మా ఆస్పత్రి మందుల డ్రాప్‌బాక్సులో పడ్డాయి, చిన్న గొడవ తర్వాత.

2025 ఆగస్టులో ఒక రాత్రి ఆవిడ నాకే ఫోన్ చేశారు, కొడుక్కి కాదు. "మళ్ళీ అదేనమ్మా. నువ్వు చెప్పినట్టే ల్యాబులో పరీక్షకిచ్చా. రెండు రోజులు పడుతుందంటున్నాడు. ఈలోపు ఈ మంటతో నన్నేం చేయమంటావ్?"

న్యాయమైన ప్రశ్నే. డెబ్బై మూడేళ్ళ మనిషిని రెండు రోజులు ఓర్చుకోమని న్యూజెర్సీలో కూర్చుని చెప్పడం తేలిక. జ్వరం ఉందా, నడుము పోటు ఉందా, వాంతులున్నాయా అని అడిగాను. లేవన్నారు. మర్నాడు పొద్దున్నే మా మరిదిని తోడిచ్చి గుంటూరులో తెలిసిన లేడీ డాక్టరు దగ్గరికి పంపించాం. ఆవిడ లామినేషన్ కాగితం చూసి, క్రియాటినిన్ చేయించి, కిడ్నీలు బాగానే ఉన్నాయని నిర్ధారించుకుని, కల్చర్ వచ్చేలోగా నైట్రోఫురాంటోయిన్ ఐదు రోజులకి రాశారట. పాత మందు, చౌక మందు. షాపువాడు "ఇది కాదండీ, ఇంకా పవర్‌ఫుల్‌ది ఉంది" అన్నాడని అత్తయ్యగారు నవ్వుతూ చెప్పారు.

మూడో రోజు వాట్సాప్‌లో రిపోర్టు ఫోటో వచ్చింది. పన్నెండు మందుల పేర్లు, ఏడు ఆర్‌లు. నైట్రోఫురాంటోయిన్ ఎదురుగా ఉన్న ఎస్ చుట్టూ ఆవిడ నీలం పెన్నుతో సున్నా చుట్టి పంపించారు.